మొక్కల అక్వేరియం: నీళ్ల గుణం మార్చకండి, మొక్కని మార్చండి

శ్రీకాకుళం నుంచి అడిగారు కదా. రెండడుగుల తొట్టె, షాపువాళ్లు కట్టిచ్చిన ఐదారు రకాల మొక్కలు, అదే రోజు వేసిన పది చేపలు. నెల తిరక్కుండా ఆకులు జావగారిపోయాయి, నీళ్లు పచ్చబడ్డాయి, చేపలు ఒక్కొక్కటే పోతున్నాయి, ఇంక ప్లాస్టిక్ మొక్కలే నయమా అని. అప్పుడే వద్దండి. మాది విజయనగరం. 2013లో నేనూ అచ్చం ఇలాగే మొదలెట్టాను. ఎనిమిది గోల్డ్ ఫిష్‌లు, వారం తిరిగేసరికి ఎనిమిదీ తేలాయి. మా అమ్మ చూసి, "ఏటిరా ఇది, డబ్బులెట్టి పాపం కొనుక్కుంటున్నావు" అంది.

ముందు మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్లగా పొలుసు కట్టిందంటే నీళ్లలో సున్నం ఎక్కువన్నమాట. మా బోరు నీళ్లూ అంతే. ఆ సంగతి పట్టించుకోకుండా ఎర్ర ఆకుల మొక్కలూ, గడ్డిలా పరుచుకునేవీ తెచ్చి చాలా డబ్బు తగలేశాను. ఆర్వో నీళ్లు కలిపాను, సీసాల్లో ఎరువులు పోశాను. చివరికి విసుగొచ్చి మన నీళ్లలో బతికే మొక్కలకి మారాను. వాలిస్నేరియా, అదే పొడుగ్గా రిబ్బన్లలా ఊగే ఆకులది, ఇంకా మన చెరువుల్లో నాచు అనేస్తుంటామే, ఆ హైడ్రిల్లా. సున్నపు నీళ్లలో ఉండే బైకార్బొనేట్ నుంచి కూడా ఇవి కార్బన్ లాక్కోగలవు. చాలా షోకు మొక్కలకి ఆ విద్య రాదు, వాటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టాలి. వాలిస్నేరియా కుదురుకుందంటే ఇసుక మీద దారంలాంటి తీగ పాకుతుంది. జానెడు దూరంలో ఆ తీగకి చిటికెన వేలంత పిల్ల మొక్క లేస్తుంది. మొదటిసారి అది చూసిన రోజు నేను ఆఫీసుకి లేటు.

ఇక మీ ఆకులు కుళ్లడం సంగతి. అమ్మే మొక్కల్లో చాలావాటిని నర్సరీలో నీళ్లపైన, తేమలో పెంచుతారు. నీళ్లలో ముంచగానే ఆ పాత ఆకులు రాలిపోయి, నీళ్లలో బతికే కొత్త ఆకులు వస్తాయి. క్రిప్టోకొరైన్ అయితే మరీనూ, చోటు మార్చినా అలుగుతుంది. వేరు గట్టిగా ఉంటే పీకెయ్యకండి, కుళ్లిన ఆకులు మటుకు కత్తిరించెయ్యండి. జావా ఫెర్న్, అనూబియాస్ ఉంటే వాటి దుంపకాడ ఇసుకలో పూడ్చారేమో చూడండి. పూడిస్తే కుళ్లిపోతుంది, దారంతో రాయికి కట్టాలి.

అడుగున రంగురాళ్లు ఉన్నాయన్నారు, అవి తీసెయ్యండి. ఎరువు, పేడ తగలని తోటమట్టిని జల్లెడ పట్టి అంగుళం మందాన పరిచి, పైన అంగుళం పైచిలుకు ఇసుక పొయ్యండి. నాగావళి మీ ఊళ్లోంచే పారుతోంది, ఇసుకకి కరువేముంది! నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి, బుసబుసా పొంగితే గవ్వలూ సున్నమూ ఉన్నట్టే. కళింగపట్నం బీచ్ నుంచి మాత్రం ఇసుక తేవద్దు.

చేపలు పోవడానికి అసలు కారణం తొందర. రెట్ట, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోది మొక్కకి ఎరువు. ఈ బ్యాక్టీరియా కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఒట్టి మొక్కలే ఉంచి, తర్వాత నాలుగు గప్పీ చేపలతో మొదలెట్టాలి. మన నీళ్లు గప్పీలకి బాగా పడతాయి.

చెరువు నాచు తెస్తే నేరుగా తొట్టెలో వెయ్యకండి. ఒకసారి వేశాను. గప్పీ పిల్లలు రోజుకి రెండు మూడు మాయమవుతుంటే పెద్ద చేపలే మింగుతున్నాయనుకున్నా. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే కాడని కరుచుకుని మట్టిరంగు పురుగొకటి, నోట్లో చేపపిల్ల. తూనీగ పిల్ల అది! అప్పట్నుంచి ఏ నాచు తెచ్చినా రెండు వారాలు బకెట్లో ఉంచి, రోజూ దులిపి చూశాకే లోపలికి.

కరెంటు గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. మొక్కలు నిండుగా ఉండి, చేపలు తక్కువ కావడంతో తొట్టె తట్టుకుంది. పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోసేవాణ్ణి, అంతే. తప్పు చేసింది కరెంటు వచ్చాక. సంతోషంలో ఫిల్టరు స్విచ్ వేసేశాను. గాలి ఆడక లోపలి స్పాంజి కుళ్లిపోయి ఉంది, ఆ నల్లనీళ్లన్నీ తొట్టెలోకి చిమ్మాయి. మురిగిన గుడ్డు కంపు. తుఫానుకి బతికిన చేపలు నాలుగు ఆ సాయంత్రమే పోయాయి. గంటల తరబడి కరెంటు పోతే ఫిల్టరు విప్పి కడిగాకే వెయ్యండి. మామూలు రోజుల్లో స్పాంజిని కుళాయి కింద కాదు, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

హీటరు అంటగట్టారన్నారు, మన దగ్గర దానితో పెద్దగా పని పడదు. మే నెలలో నీళ్లు వేడెక్కడమే బాధ. మూత తీసి చిన్న ఫ్యాను నీటిమీదకి తిప్పితే రెండు డిగ్రీలైనా దిగుతుంది. ఆవిరైపోయిన మేరకి ఆర్వో నీళ్లు పొయ్యండి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఆవిరికి పోని సున్నమంతా తొట్టె నీళ్లలోనే పేరుకుంటుంది.

ఇప్పటికిప్పుడు మిగిలిన చేపల కోసం రోజు విడిచి రోజు మూడో వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందురోజే బకెట్లో పట్టి మూత లేకుండా ఉంచండి. మేత రెండు రోజులకోసారి, అదీ చిటికెడు. లైటు ఆరు గంటలు మించొద్దు, కిటికీ ఎండ పడుతుంటే అడ్డంగా దుప్పటి కట్టండి. మొక్కలకి మళ్లీ డబ్బు పెట్టకండి. ఈమధ్యే వాలిస్నేరియా పలచన చేశాను, బకెట్ నిండా ఉంది. ఇటు విజయనగరం వచ్చే పనుంటే ఇక్కడే కింద రాయండి, ఓ పది పిల్లమొక్కలు తడి పేపర్లో చుట్టి ఇస్తాను.