స్కాన్‌కోడ్ నుంచి అక్షరం దాకా: ఒక కీ నొక్కితే రెండు గుర్తులు ఎందుకు పడుతున్నాయి?

మీరు సొంతంగా రాసుకుంటున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో కె కీని ఒక్కసారి నొక్కితే అక్షరం వెంట ఒక చెత్త గుర్తు కూడా పడుతోందని, పై బాణం నొక్కితే 8 వస్తోందని, ఇవి సర్దుకున్నాక తెలుగు టైపింగ్ కూడా పెట్టాలని ఉందని రాశారు. పోర్టు (కీబోర్డు పంపే సంఖ్యలు ప్రాసెసర్‌కు అందే చోటు) నుంచి చదివిన బైట్‌ను అక్కడికక్కడే అక్షరంగా మార్చేయడం వల్లనే మొదటి రెండు చిక్కులూ వస్తాయి, మూడో పనికి దారి మూసుకుపోయేదీ దానివల్లనే. నేనూ మొదట అలాగే రాసి, తరువాత అంతా తిరగరాశాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా బాబాయి గారి డి.టి.పి. దుకాణంలో ఒకే పెళ్లికి పాతపట్నం వైపు చుట్టాల కోసం తెలుగులోనూ, ఊళ్లోవాళ్ల కోసం ఒడియాలోనూ శుభలేఖలు కూర్చేవాళ్లం. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో రెండు భాషలకూ ‘క’ కె కీ మీదనే ఉంటుంది. కీబోర్డుకు మాత్రం ఏ భాషా తెలియదు. ఫలానా చోట ఉన్న కీ కిందికి వెళ్లిందనీ, పైకి వచ్చిందనీ మాత్రమే అది చెబుతుంది.

సంఖ్యలను దశాంశంలో ఇస్తున్నాను, పోర్టులను మాత్రం హెక్స్‌లో (16 ఆధారంగా రాసే పద్ధతిలో). కీబోర్డు ఒక్కో కీకి పంపే సంఖ్యే స్కాన్‌కోడ్. ఏ కీకి ఏ సంఖ్య అని చెప్పే పట్టికలు ఒకటికి మించి ఉన్నాయి, వాటిని సెట్‌లు అంటారు. మొదటి సెట్‌లో కె నొక్కితే 37, వదిలితే దానికి 128 కలిపి 165 వస్తాయి. మీ రెండో గుర్తు ఈ 165దే. బైట్‌లోని పై బిట్ (128 విలువది) 1 అయితే కీని వదిలారన్న మాట. ఆ బిట్‌ను తీసేసి, ఆ కీ స్థితిని మార్చి, అక్షరమేదీ అచ్చు వేయకుండా వదిలేయాలి. బాణానికి ముందు 224 అనే బైట్ వస్తుంది, ఆ తరువాతే 72. కుడివైపు అంకెల గుంపులోని 8 కీకి కూడా 72యే కోడ్ కనుక, 224ను పారేస్తే రెండూ ఒక్కటైపోతాయి. అందువల్ల 224 వచ్చినట్టు గుర్తు పెట్టుకుని, తరువాతి బైట్‌ను వేరే పట్టికలో వెతకండి.

నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టినది కూడా ఈ 224యే. ఇంట్లో లాప్‌టాప్‌లో నా ఎడిటర్ చక్కగా పనిచేసేది. దుకాణంలోని పాత డెస్క్‌టాప్‌లో మాత్రం బాణం నొక్కితే కర్సర్ జరగడంతో పాటు అక్షరాలు సెలెక్ట్ అయిపోయేవి. వచ్చిన బైట్లను వచ్చినట్టే తెరమీద వేయించి చూస్తే 224, 42, 224, 72 అని కనిపించాయి. 42 అంటే ఎడమ షిఫ్ట్. నమ్ లాక్ వెలిగి ఉన్నప్పుడు, పాత ప్రోగ్రాములు బాణాన్ని అంకెగా పొరబడకుండా కీబోర్డే ఇలా ఒక ఉత్తుత్తి షిఫ్ట్‌ను ముందు పంపి, కీ వదిలాక 224, 170తో వెనక్కి తీసుకుంటుంది. కాబట్టి 224 వెంట వచ్చే 42, 54, 170, 182లను (ఎడమ, కుడి షిఫ్ట్‌లు నొక్కినప్పటి, వదిలినప్పటి కోడ్‌లు) పట్టించుకోకండి. నిజమైన షిఫ్ట్‌లు రెండింటికీ వేర్వేరు బిట్లు ఉంచండి. లేకపోతే రెండూ నొక్కి ఉన్నప్పుడు ఒకటి వదలగానే రెండోది కూడా పోయినట్టు అవుతుంది.

ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (కీబోర్డు కబురు పెట్టగానే ప్రాసెసర్ నడిపే కోడ్‌లో) పోర్టు 60 నుంచి బైట్ చదివి, ఒక చిన్న క్యూలో వేసి, ఇంటరప్ట్ కంట్రోలర్‌కు పని ముగిసిందని చెప్పి బయటికి రావాలి. అంతకు మించి అక్కడ ఏ పనీ పెట్టవద్దు.

మీ యంత్రంలో కె నొక్కితే 37కు బదులు 66, వదిలితే 240, 66 వస్తున్నాయంటే అది రెండో సెట్. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి. మొదటి సెట్ వాడింది. 1984లో వచ్చిన ఏ.టి. కీబోర్డు రెండో సెట్ పంపితే, పాత ప్రోగ్రాములు చెడిపోకుండా కీబోర్డు కంట్రోలర్ (కీబోర్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే చిప్) దాన్ని మొదటి సెట్‌లోకి మార్చి ఇచ్చేది. ఆ మార్పిడి నేటికీ కంట్రోలర్ కాన్ఫిగరేషన్ బైట్‌లోని 6వ బిట్ మీద ఆధారపడి ఉంటుంది. అది 0గా ఉంటే ఇంగ్లీషు ఎ (A) కీ పంపే 28ని మీ పట్టిక ఎంటర్‌గా చదువుతుంది.

ఇక తెలుగు సంగతి. ‘క్క’ కోసం కె, డి, కె నొక్కితే (డి మీద పొల్లు ఉంటుంది) మీకు 37, 165, 32, 160, 37, 165 వస్తాయి. ఒడియాలో అదే జంటాక్షరానికీ ఈ ఆరు బైట్లే. కాబట్టి స్కాన్‌కోడ్‌ను ముందు కీ సంఖ్యగా మార్చండి, షిఫ్ట్ స్థితిని కలపండి, ఆ తరువాతే భాష పట్టికకు వెళ్లండి. యూనికోడ్‌లో ఒడియా ‘క’ 2837, తెలుగు ‘క’ 3093. తేడా సరిగ్గా 256 కనుక ఒకే పట్టికకు 256 కలిపితే సరిపోతుందని అనిపిస్తుంది. అలా చేయకండి. తెలుగులో ఎ, ఏలకూ ఒ, ఓలకూ హ్రస్వ దీర్ఘ భేదం ఉంది, ఒడియాలో లేదు. తెలుగు ‘ఎ’కు ఒడియా వైపు ఆ స్థానం ఖాళీగా ఉంటుంది. రెండు భాషలకూ రెండు పట్టికలు పెట్టుకోండి, డీకోడర్ (స్కాన్‌కోడ్‌ను కీ సంఖ్యగా మార్చే భాగం) మాత్రం ఒక్కటే చాలు.