నోరు పిడచకట్టినప్పుడు పళ్లు ఎందుకు పుచ్చుతాయి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది నెల్లూరు, పాతికేళ్లుగా చెన్నైలో పెరంబూరులో ఉంటున్నాం. రెండేళ్లుగా నోరు పిడచకట్టుకుపోతోంది. పక్కన మంచినీళ్లు లేకపోతే ఇడ్లీ ముక్క కూడా గొంతు దిగడం లేదు. కళ్లలో ఇసుక పడినట్టుంటే కంటి డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన పంపించిన చోట రక్తపరీక్షలు చేసి, కింది పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, షోగ్రెన్ సిండ్రోమ్ అని తేల్చారు. రోజుకు రెండుసార్లు పళ్లు తోముకుంటున్నా ఏడాదిలో అయిదు పళ్లు పుచ్చాయి. నోట్లోని బ్యాక్టీరియా వల్లే ఈ జబ్బు వచ్చిందని, వాటిని చంపే మందు వాడితే తగ్గిపోతుందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా? నోరు తడిగా ఉండటానికి రోజంతా నిమ్మ బిళ్లలు చప్పరిస్తుంటాను.
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీరు చివర ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయంతోనే మొదలుపెడతాను. ఆ నిమ్మ బిళ్లలు ఈ రోజే మానేయండి. చప్పరించగానే నోరూరినట్టు అనిపిస్తుంది కాబట్టి నోరెండిపోయేవారిలో చాలామందికి ఈ అలవాటు పట్టుకుంటుంది. కానీ అందులోని చక్కెర పళ్లను పుచ్చబెట్టే బ్యాక్టీరియాకు మేత, అందులోని పులుపు పంటి పైపొరకు నేరుగా చేటు.

ఆరోగ్యవంతులకు రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అది ఉత్త నీరు కాదు. పళ్ల సందుల్లో మిగిలినదాన్ని కడిగేస్తుంది, అందులోని బైకార్బొనేట్ పులుపును విరిచేస్తుంది, కాల్షియం, ఫాస్ఫేట్‌లు పంటి పింగాణీ (ఎనామిల్ అనే గట్టి పైపొర) కాస్త కరిగిన చోట తిరిగి చేరతాయి, లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ వంటి ప్రొటీన్లు సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతాయి. షోగ్రెన్ వ్యాధిలో మన రక్షణ కణాలే లాలాజల గ్రంథుల్లోకీ కన్నీటి గ్రంథుల్లోకీ చేరి వాటిని దెబ్బతీస్తాయి. (ఈ వ్యాధికి పేరిచ్చిన హెన్రిక్ షోగ్రెన్ స్వీడన్‌కు చెందిన కంటి వైద్యుడు, 1933లో దీనిపై సిద్ధాంత వ్యాసం వెలువరించారు. మీకూ ముందు కంటి డాక్టరే కనిపెట్టడంలో వింత లేదు.) ఏమీ నమలకుండా ఊరకే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.1 మిల్లీలీటరు లేదా అంతకంటే తక్కువ ఊరితే దాన్ని వ్యాధి లక్షణాల్లో ఒకటిగా లెక్కిస్తారు. అంటే పావుగంట సేపు ఉమ్మినా టీ చెంచాలో మూడోవంతు నిండదన్న మాట.

మనుషుల నోళ్లలో 700కు పైగా రకాల బ్యాక్టీరియా ఉంటుందని గుర్తించారు. మీ పళ్లను పుచ్చబెడుతున్న స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లస్ బయటి నుంచి కొత్తగా వచ్చినవి కావు, చాలామంది నోళ్లలో కొద్దిగానో గొప్పగానో ఉండేవే. చక్కెరను ఆమ్లంగా మార్చడం, ఆ ఆమ్లంలోనే హాయిగా బతకడం వాటికి వచ్చిన విద్య. లాలాజలం ఉన్నప్పుడు ఆ పులుపు కొద్దిసేపట్లో విరిగిపోతుంది. లేనప్పుడు అలాగే నిలిచి, పులుపును తట్టుకోలేని రకాలు తగ్గి, తట్టుకునేవి పెరుగుతాయి. పంటి దగ్గర పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగితే పింగాణీ కరగడం మొదలవుతుంది, చిగురు దిగి బయటపడిన పంటి మూలం అంతకంటే ముందే కరుగుతుంది. ఈసారి అద్దంలో చూసుకోండి: మామూలుగా పుచ్చని చోట్ల, అంటే చిగురును ఆనుకున్న అంచునా, ముందుపళ్ల కొసలా మచ్చ కనిపిస్తే అది నోరెండటం వల్ల వచ్చే పుచ్చు తీరు. మీరు సరిగా తోముకోవడం లేదని ఎవరైనా అన్నా మనసు కష్టపెట్టుకోకండి.

ఇక మీ ఆడపడుచుగారి మాట. అది పూర్తిగా గాలిమాట కాదు. నోట్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాల ప్రొటీన్లకూ, ఈ వ్యాధిలో శరీరం పొరపాటున దాడిచేసే రో (Ro) అనే మన సొంత ప్రొటీనుకూ పోలిక ఉందని, ఆ పోలిక వల్ల రక్షణ కణాలు తికమకపడవచ్చని పరిశోధకులు ప్రయోగశాలలో చూశారు. అయితే రోగుల నోటిని పరిశీలించిన అధ్యయనాలు ఒక్కమాట మీద లేవు. బ్యాక్టీరియాలో కనిపించే తేడా చాలావరకు లాలాజలం తగ్గడం వల్లనే అని కొన్ని చెబితే, లాలాజలం మామూలుగా ఉన్న రోగుల్లోనూ తేడా ఉందని మరికొన్ని చెప్పాయి. బ్యాక్టీరియాను చంపితే వ్యాధి నయమవుతుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. పైగా యాంటీబయాటిక్ మందులు మీకు ఎదురుతిరుగుతాయి: మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, ఎండిన నోట్లో కాచుకుని ఉండే క్యాండిడా అనే బూజు పెరుగుతుంది. నాలుక ఎర్రగా నున్నబడి కారం తగిలితే మండుతున్నా, పెదవుల మూలలు చీలుతున్నా అది వచ్చిందేమో చూపించుకోండి, దానికి మందు వేరు.

చక్కెర లేని, దానికి బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ నమలండి. గ్రంథుల్లో మిగిలిన కాస్త శక్తినీ అది కదిలిస్తుంది. ఫిల్టర్ కాఫీ తాగాలనుంటే ఒక్కసారి తాగి ముగించండి. గ్లాసు పక్కన పెట్టుకుని గంటసేపు చప్పరించడం, నన్నారి షర్బత్ గుక్కగుక్కగా తాగడం బిళ్లలకు ఏమీ తీసిపోవు. గుక్క వేయాలనిపిస్తే మంచినీళ్లే మేలు. మామూలు పేస్టుల్లో ఫ్లోరైడ్ 1,000 నుంచి 1,450 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) వరకు ఉంటుంది, మీలాంటి వారికి 5,000 పీపీఎం పేస్టు అవసరమేమో పంటి డాక్టరును అడగండి. రాత్రి తోముకున్నాక నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా పడుకోండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ నోటిని మరింత ఎండబెడుతుంది. నువ్వులనూనె పుక్కిలిస్తే తాత్కాలికంగా నున్నగా ఉండవచ్చు, అది ఫ్లోరైడుకు బదులు కాదు.

జలుబు, నిద్ర, దిగులు మందుల్లో కొన్ని నోటిని ఎండబెడతాయి కనుక, వాడుతున్న మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. లాలాజలం ఊరించే పైలోకార్పిన్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి, కానీ అదుపులో లేని ఉబ్బసం, కొన్ని రకాల నీటికాసులు ఉన్నవారికి అవి పనికిరావు. మూడు నాలుగు నెలలకోసారి పళ్లు చూపించుకోవడం తప్పనిసరి. చెన్నైలో సెయింట్ జార్జ్ కోటకు దగ్గరలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, సెంట్రల్ స్టేషన్ ఎదుట రాజీవ్‌గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి కాబట్టి ఖర్చుకు జంకి ఆగిపోకండి.

చెవి ముందు, దవడ మూల దగ్గర వాపు వచ్చి వారాల తరబడి తగ్గకపోతే మాత్రం పళ్ల సంగతి పక్కనపెట్టి వెంటనే రుమటాలజిస్టుకు (కీళ్లు, రోగనిరోధక వ్యాధుల డాక్టరుకు) చూపించండి. ఈ వ్యాధి ఉన్న కొద్దిమందిలో అక్కడి లాలాజల గ్రంథిలో లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది.