పాఠకుల ప్రశ్నలు: అరిగిన శాసనాన్ని ఫొటో తీసి చదవడం ఎలా?

ప్రశ్న: మా ఊరి శివాలయం ముందు నిలువురాతి శాసనం ఉంది. అక్షరాలు బాగా అరిగిపోయాయి. ఫోనుతో ఎన్ని ఫొటోలు తీసినా చదవరావడం లేదు. సుద్ద రాసి తీయమంటున్నారు. రాయొచ్చా? – ఓ పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: సుద్ద, పిండి, నూనె ఏవీ రాయకండి. సుద్దపొడి రాతి సందుల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. పైగా గీత దిద్దేది మీరే కనుక ఫొటోలో పడేది మీ ఊహే.

ముందు చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించినంత వాలుగా పట్టి, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫొటో తీసి చూడండి. నిలువు గీత తేలాలంటే పక్క వెలుగు, అడ్డగీతకు పై వెలుగు కావాలి. అందుకే ఒక్క ఫొటోలో అక్షరం మొత్తం దొరకదు.

ఈ చిక్కు తీర్చేదే ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే ఫొటో పద్ధతి. హెచ్‌పీ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో ప్రకటించిన పద్ధతి దీనికి మూలం. గ్రహగతులు లెక్కగట్టే ప్రాచీన పరికరమైన గ్రీసు దేశపు యాంటికైథెరా యంత్రం ముక్కల మీది సన్నటి రాతను 2005లో ఇలాగే చిత్రించారు. కెమెరా కదలదు, వెలుగే చోటు మారుతుంది. ఏ వైపు వెలుగుకు ఏ బిందువు ఎంత మెరిసిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. తర్వాత తెర మీద వెలుగును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

రాయి మొత్తాన్ని ఒకేసారి తీయకండి. 50×40 సెంటీమీటర్ల భాగాలుగా, అంచులు కొంత కలిసేలా తీయండి. ఆ భాగం కర్ణం 64 సెం.మీ. వెలుగు దానికి మూడు రెట్లు, అంటే సుమారు 2 మీటర్ల దూరంలో ఉండాలి. చేత్తో పట్టుకునే విడి ఫ్లాష్‌కు అంత పురికొస కట్టి దూరం చూసుకోండి. కొస పక్కకు తప్పించాకే క్లిక్ చేయాలి.

నిగనిగలాడే నల్ల గోళీలు రెండు ఫ్రేములో తప్పనిసరి. వాటిపై మెరిసే చుక్కను బట్టే వెలుగు దిక్కు తెలుస్తుంది. ఒక్కో గోళీ ఫొటోలో 250 పిక్సెళ్ల వెడల్పయినా ఉండాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా, 60 సెం.మీ. వెడల్పు ఫ్రేము అయితే 2.5 సెం.మీ. గోళీ సరిపోతుంది. రాతికి అంటించకుండా విడి స్టాండుకు బిగించండి.

కెమెరా ట్రైపాడ్ మీద, మాన్యువల్‌లో: ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 1/160 సెకను, రా ఫైలు. ఆటోఫోకస్, స్టెబిలైజేషన్ ఆపేయండి. ఫ్లాష్ పావు శక్తితో మొదలుపెట్టి, కుదిరాక చివరిదాకా మార్చకండి. ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో పూర్తిగా నల్లగా రావాలి.

గడియారం అంకెల్లా 12 వైపులు, ఒక్కో వైపు రాతి తలం నుంచి 15, 30, 45, 60 డిగ్రీల ఎత్తులో: మొత్తం 48 ఫొటోలు. కింది వైపు నేల అడ్డొచ్చిన చోట్లు వదిలేయండి, పై వెలుగుతో అడ్డగీతలు దొరుకుతాయి. 15 డిగ్రీల వరుసను మాత్రం ఎగ్గొట్టకండి, అరిగిన అక్షరాన్ని పట్టిచ్చేది అదే.

ఎక్కువగా పని చెడేది ట్రైపాడ్ కాలికి ఎవరో తగలడం వల్ల. మొదటి, చివరి ఫొటోలను పెద్దవి చేసి పోల్చండి. తేడా ఉంటే ఆ భాగం మళ్లీ తీయాల్సిందే.

ఇటలీలోని పీసాలో తయారైన రీలైట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. స్పెక్యులర్ పద్ధతిలో చూస్తే రంగు మరకలు పోయి చెక్కడం తేలుతుంది, కానీ రాతిలోని స్ఫటిక పలుకులు కూడా మెరుస్తాయి. అక్షరం పక్కన గుంట కనిపిస్తే అనుస్వారమని వెంటనే రాసుకోకండి. అదే శాసనంలో సందేహం లేని అనుస్వారం పక్కన పెట్టి, రెండింటి మీదా వెలుగు చుట్టూ తిప్పండి. ఉలి గుంట అంచు సాధారణంగా అన్ని వైపులా ఒకే తీరుగా నీడ ఇస్తుంది, పెచ్చు రాలిన గుంట నీడ ఆకారం మారిపోతుంది. అప్పటికీ తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదలండి.

గుడి రక్షిత కట్టడమైతే ముందు పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి.

ప్రశ్న: శాసనంపై సున్నం కొట్టేశారు. ఆర్‌టీఐతో కనిపిస్తుందా?

జవాబు: పైపొర మాత్రమే కనిపిస్తుంది. పూత పల్చనైతే లోతు అక్షరాలు తెలియొచ్చు. మందమైతే ఆశ లేదు. గీకకండి, తీయించే పని పురావస్తు శాఖ నిపుణులకు వదిలేయండి.

ప్రశ్న: పొలంలో రాగిరేకు దొరికింది. చింతపండుతో తోమి ఫొటో తీయొచ్చా?

జవాబు: తోమకండి. చింతపండు పులుపు చిలుముతో పాటు సన్నగీతలనూ తినేస్తుంది. మట్టితోనే మెత్తటి గుడ్డలో పెట్టి కలెక్టరుకు తెలపండి. భూమిలో దొరికిన, పది రూపాయలకు మించి విలువైన నిధిని తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది.