తడిసిన సీరియల్ లైట్లు బాగుపడతాయా?

పైడితల్లమ్మ పండగకి మేడ మీద కట్టిన ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు వానకి నానిపోయాయి. ఒకదాంట్లో సగం దీపాలే వెలుగుతున్నాయి, ఇంకొకటి అసలు వెలగడం లేదు. రెండ్రోజులు ఎండబెట్టినా అంతే. పారేయాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

పారేయక్కర్లేదు. ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు. ఈ సెట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, సన్న తీగలోనూ 230 వోల్టుల కరెంటే.

సగం వెలుగుతోందంటే ప్లగ్గు వైపున్న కంట్రోలర్ పెట్టె చాలావరకు పనిచేస్తున్నట్టే, ఒక వరస తెగి ఉంటుంది. వరసలో ఒక్క ఎల్‌ఈడీ కాలు విరిగినా ఆ వరసంతా ఆరిపోతుంది. తడిలో ఎక్కువగా తుప్పు తినేది ప్లస్ వైపు కాలు. సి.ఆర్. 2032 బిళ్ల సెల్లు రెండు ముఖాలకీ చిన్న తీగలు టేపుతో అంటించి, తొడుగు వెనక్కి జరిపి, ఒక్కో ఎల్‌ఈడీ కాళ్లకి తాకించండి. వెలక్కపోతే తీగలు తిరగేసి చూడండి. అన్నీ వెలిగాయా? అయితే చాలావరకు తెగింది అతుకు దగ్గరే. ఒక్కో తీగనీ మెల్లగా లాగితే ఊడినది చేతికి వచ్చేస్తుంది.

కొత్త ఎల్‌ఈడీ అదే రంగుది, అదే సైజుది వేయండి. పొడుగు కాలు ప్లస్. తీగ లోపల రాగి నల్లబడి ఉంటే టంకం అంటదు, మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించుకుంటూ పోవాలి. అతికాక హీట్‌ష్రింక్ గొట్టం (వేడి తగిలితే బిగుసుకునేది) తొడగండి. చెడిన ఎల్‌ఈడీ తీసేసి తీగ నేరుగా కలిపేయడం మన దగ్గర మామూలే గానీ, అలా నాలుగైదు కలిపితే మిగతావాటి మీద భారం పడి అవీ మాడతాయి.

అసలు వెలగని సెట్టుకి పెట్టె విప్పండి. ఆకుపచ్చ, తెల్ల పొడి కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తోమి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత నాలుగు 1ఎన్4007 డయోడ్లని (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి) మల్టీమీటరు డయోడ్ గుర్తు మీద పెట్టి చూడండి: ఒక వైపు 0.5–0.7 వోల్టులు చూపాలి. రెండు వైపులా సున్నా వస్తే అది పోయినట్టే. నల్లటి చుక్కలాంటి చిప్పు పోతే మాత్రం కుస్తీ పట్టకండి, అన్నే తీగలున్న కొత్త పెట్టె కొనుక్కోండి.

మొదటిసారి వెలిగించేటప్పుడు ప్లగ్గుకీ సెట్టుకీ మధ్య ఒక తీగలో, సిరీస్‌లో, 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టండి. అది భగ్గున వెలిగితే ఎక్కడో షార్టుంది, వెంటనే పీకేయండి.

పెట్టెకి పాలిథీన్ కవరు బిగించి చుడితే వాన ఆగుతుందా?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

ఆగుతుంది గానీ లోపలే చెమట పడుతుంది. మగ్గు బోర్లించినట్టు కప్పి కింద తెరిచి ఉంచండి. తీగని పెట్టెకన్నా జానెడు కిందికి వేలాడనిచ్చి పైకి తిప్పితే నీరు అక్కడే కారిపోతుంది. సందులు మూయడానికి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి. మీది సముద్రపు గాలి కాబట్టి, దాచేముందు ప్లగ్గు పీకి, తడిగుడ్డతో ఉప్పు తుడిచి, బాగా ఆరబెట్టండి.