మౌన ప్రార్థనలో ఏమీ అనిపించకపోతే దేవుడు దూరమైనట్టేనా?

మౌనంగా ప్రార్థనలో కూర్చుంటే మొదట్లో ఎంతో ఆదరణగా ఉండేదని, కొంతకాలంగా లోపలంతా ఎండిపోయినట్టుందని, దేవుడు దూరమయ్యాడేమోనని రాశారు. అసలు ఇలా మాటల్లేకుండా కూర్చోవడం క్రైస్తవ పద్ధతేనా అని కూడా అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్తాను.

నాలుగో శతాబ్దంలోనే ఐగుప్తు ఎడారుల్లో సన్యాసులు ఇలా ప్రార్థించేవారు. వాళ్ల దగ్గరికి వెళ్లి నేర్చుకున్న జాన్ కాసియన్, 70వ కీర్తన మొదటి వచనంలోని "దేవా, త్వరగా వచ్చి నాకు సాయం చెయ్యి" అనే మనవినే పనిలో ఉన్నా పడుకున్నా లోపల చెప్పుకుంటూ ఉండమని రాసిపెట్టాడు. తూర్పు క్రైస్తవ సంఘాల్లో "యేసుక్రీస్తు ప్రభువా, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అనే చిన్న ప్రార్థన ఈనాటికీ అలాగే నడుస్తోంది. కాబట్టి ఇది మరెక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు. మనసును ఖాళీ చేసుకోవడమూ కాదు. మనల్ని ప్రేమించే దేవుని ఎదుట ఊరకే ఉండడం.

ఇక ఎండిపోవడం గురించి. ఇది నాకు బాగా తెలిసిన విషయం, అందుకే ఈ జవాబు రాస్తున్నాను. ఇంట్లో అందరూ లేవకముందే కూర్చోవడం నా అలవాటు. మొదటి కొన్ని నెలలు ఒక్క వచనం చదివితే చాలు, కళ్లు చెమర్చేవి. తర్వాత అది ఆగిపోయింది. బైబిల్ ఒళ్లో తెరిచే ఉండేది, ఒక్క మాటా లోపలికి దిగేది కాదు. ఫ్యాన్ చప్పుడు, ముందురోజు ఆఫీసులో ఎవరో అన్న మాట, దానికి నేను చెప్పాల్సిన సమాధానం, ఇవే తిరిగేవి. చాలాసేపు అయ్యుంటుందని గడియారం చూస్తే ముల్లు కాస్తే కదిలి ఉండేది.

ఆ రోజుల్లోనే స్పెయిన్ సన్యాసిని అవిలా పునీత తెరేసా (1515–1582) ఆత్మకథ చదివాను. కొన్నేళ్లపాటు ప్రార్థనలో కూర్చుని, గంట ఎప్పుడు కొడతారా అని ఎదురుచూసేదాన్నని ఆమే రాసుకుంది. 1970లో కతోలిక సంఘం వేదపండితురాలిగా ప్రకటించిన మనిషి ఆమె! అది చదివాక ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ప్రార్థనను ఆమె తోటకు నీళ్లు పెట్టడంతో పోల్చింది. బావిలోంచి చేతులతో తోడడం, చక్రంతో తోడడం, కాలువ పారడం, చివరికి వానే కురవడం. వాన గురించి చాలామంది చెప్తారు. నాకు పనికొచ్చింది మాత్రం బావి దగ్గర ఆమె చెప్పింది: బావిలో నీళ్లే లేకపోయినా, అంత గొప్ప రాజు తోటలో పనిచేస్తున్నందుకు తోటమాలి సంతోషపడాలట, ఎందుకంటే అతని పని యజమానిని మెప్పించడం.

ఆమె సహచరుడు, సన్యాసి సిలువ యోహాను 1577 డిసెంబరు నుంచి 1578 ఆగస్టు దాకా స్పెయిన్‌లోని తొలెదో నగరంలో సొంత సన్యాస సభవాళ్ల చెరలోనే ఉన్నాడు. ప్రార్థనలో కమ్ముకునే చీకటి గురించి ఆయన రాస్తే నమ్మబుద్ధవుతుంది. ఈ ఎండిపోవడం దేవుని పనేనా అని తెలుసుకోవడానికి ఆయన మూడు గుర్తులు చెప్పాడు. దేవుని విషయాల్లోనే కాదు, వేరే దేనిలోనూ తృప్తి దొరకదు. ఇదివరకులా ఆలోచిస్తూ, ఊహించుకుంటూ ధ్యానించడం చేతకాదు. ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది: దేవుణ్ణి సరిగా సేవించడం లేదే, వెనక్కి పోతున్నానే అని మనసు బాధపడుతూ ఉంటుంది. దేవుని మీద ఆసక్తే పోయినవాళ్లకు ఆ బాధ ఉండదు. మీ ప్రశ్న నిండా ఆ బాధే కనిపించింది నాకు.

నేనేం చేస్తానంటే, ముందే అనుకున్న సమయాన్ని తగ్గించను, అనుభూతి కోసం పొడిగించను కూడా. మనసు ఎటో పోయిందని తెలియగానే "యేసయ్యా" అని ఒక్కసారి అనుకుని తిరిగి వస్తాను. నన్ను నేను తిట్టుకోను. అది ఇంకో పరధ్యానం, అంతే. మరీ కష్టమైన రోజు 131వ కీర్తన నెమ్మదిగా చదువుతాను. మూడే వచనాలు, పాలు మానిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం ఉందనే కీర్తన. ఆ పిల్ల పాల కోసం ఏడవదు, అయినా తల్లిని వదలదు.

ఈ రోజు ప్రార్థన బాగా జరిగిందా అని కూర్చున్న చోటే తేల్చుకోవాలని చూడకండి. పొరుగువాళ్ల మీద ప్రేమ పెరుగుతోందా అన్నదే నమ్మదగిన గుర్తు అంటుంది తెరేసా. నా విషయంలో మార్పు ముందు ఇంట్లోవాళ్లకే కనిపించింది, మాటకు మాట విసరడం తగ్గిందని.

మరొక్క మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతుకు మీదే విరక్తి లాంటివి కూడా ఉంటే డాక్టర్ దగ్గరికి తప్పకుండా వెళ్లండి. ఇలాంటి దిగులు ఈ ఎండిపోవడం కంటే వేరని, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయని యోహానుకీ తెలుసు. మీ ఫాదర్‌తోనో పాస్టర్‌తోనో, ఈ దారిలో కొన్నాళ్లు నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతోనో, నాకు రాసినట్టే దాచకుండా చెప్పండి.