రోడ్డు మీది చెట్టు కారు మీద పడితే డబ్బు ఎవరిస్తారు?

హైదరాబాద్‌లో ఇంటి ముందు రోడ్డు మీద ఆపిన కారు మీద కార్పొరేషన్ చెట్టు కొమ్మ విరిగి పడిందని, బానెట్ సొట్టపోయి ముందు అద్దం పగిలిందని, దీనికి కార్పొరేషన్ బాధ్యత వహించాలా అని అడిగారు.

వహించాల్సిన సందర్భాలున్నాయి. కానీ చెట్టు వాళ్లది అయినంత మాత్రాన డబ్బు రాదు. ఆ చెట్టు ప్రమాదకరంగా ఉందని వాళ్లకు ముందే తెలుసనీ, లేదా మామూలుగా చూసినా తెలిసేదనీ, అయినా పట్టించుకోలేదనీ మీరే రుజువు చేయాలి. ఈ విషయంలో రాజ్‌కోట్ మున్సిపల్ కార్పొరేషన్ కేసు అందరూ చదవాలి. 1975లో నడుచుకుంటూ వెళ్తున్న ఒకాయన మీద రోడ్డు పక్క చెట్టు కూలింది, ఆయన చనిపోయారు. భార్యాబిడ్డలు దావా వేస్తే కింది కోర్టు, ఆ తర్వాత గుజరాత్ హైకోర్టు వాళ్ల పక్షానే నిలిచాయి. 1997లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చెట్టు పుచ్చిపోయిందని కార్పొరేషన్‌కు తెలిసినట్టు ఆధారం లేదంది. మనిషి పోయిన కేసులోనే అలా జరిగితే, బానెట్ సొట్టకు ఆధారం లేకుండా కోర్టుకెళ్లి ఏం సాధిస్తారు?

అందుకే నా దృష్టిలో, చెట్టు పడ్డాక పెట్టే లాయరు కంటే పడకముందు ఇచ్చిన ఒక్క ఫిర్యాదు కాగితం విలువైనది. ఎండిన కొమ్మ, చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు, కాండానికి తొర్ర, ఒకపక్క పైకి లేచిన మట్టి కనిపిస్తే ఫొటోలతో ఫిర్యాదు ఇవ్వండి. యాప్‌లో పెడితే ఫిర్యాదు నంబరు దాచుకోండి. కాగితమైతే అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉండాలి. ఫోన్లో చెప్పానంటే కోర్టులో నిలబడదు. మీరే మనుషుల్ని పెట్టి చెట్టును కొట్టించకండి, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

నిజానికి చాలా చెట్లు గాలికి పడవు, మనం పడేలా చేస్తాం. కేబుల్ కోసం గొయ్యి తవ్వి ఒకవైపు వేళ్లన్నీ నరికేస్తారు. ఫుట్‌పాత్ పేరుతో మొదలు దాకా కాంక్రీటు పోస్తారు. కరెంటు తీగల వైపు కొమ్మలు మాత్రమే కొట్టేస్తే బరువంతా రోడ్డు మీదికి ఒరుగుతుంది, కింద ఉండేవి మన కార్లు. చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీకి ఆదేశమిచ్చింది. మన ఊళ్లలో ఇప్పటికీ మొదలు చుట్టూ టైల్స్ పరుస్తుంటే కడుపు మండుతుంది.

ఇప్పుడు మీ కారు సంగతి. రంపాలతో మనుషులు రాకముందే ఫొటోలు తీయండి, దుంగలు లారీ ఎక్కాక సాక్ష్యం పోయినట్టే. నంబరు ప్లేటు, కొమ్మ ఒకే ఫొటోలో పడాలి. విరిగిన చోటును దగ్గరగా, పక్కన కొలత టేపు పెట్టి తీయండి. లోపల పొడిపొడిగా గోధుమరంగులో ఉంటే, చెద కనిపిస్తే అది పాత జబ్బు, ఆ రోజు గాలి మీదికి తోసేయడం కుదరదు. పోలీస్ స్టేషన్‌లో జనరల్ డైరీలో రాయించండి. ఆ రోజు గాలి వేగం వివరాలు వాతావరణ శాఖ నుంచి తీసుకోండి. పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో ఆ చెట్టు మీద వచ్చిన పాత ఫిర్యాదులు, కొమ్మలు కొట్టిన రికార్డు అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇన్సూరెన్స్‌కు మాత్రం అదే రోజు చెప్పండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు, ఓన్ డ్యామేజ్, అంటే మీ సొంత కారు నష్టానికి కవర్ ఉండాలి. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా గ్యారేజీలో ఏదీ విప్పనివ్వకండి. బంపర్ టు బంపర్ (భాగాల పాతదనానికి కోత వేయని అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత పడుతుంది. నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు కారుకు ఇనుప భాగాల మీద 35 శాతం పోతుంది. అద్దానికి కోత లేదు. ఉదాహరణకు బానెట్ 12,000, బంపర్ 8,000, అద్దం 9,000 అనుకోండి. బానెట్‌లో 4,200, బంపర్‌లో 4,000, పైన 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000. పెయింట్, లేబర్ కాకుండానే మీ జేబులోంచి 9,200 పోతుంది. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు కూడా పోతుంది. 50 శాతం బోనస్ ఉన్నవాళ్లు ఏడెనిమిది వేల నష్టానికి క్లెయిమ్ చేయకపోవడమే మేలు, అదే టాపు దిగబడితే ఆలోచించక్కర్లేదు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే మొత్తం నష్టంగా లెక్కగడతారు.

కార్పొరేషన్‌ను అడగాల్సింది ఈ మిగిలిన మొత్తం, ఇన్సూరెన్స్ ఇచ్చినది మళ్లీ అడగకూడదు. ఆ భాగాన్ని వసూలు చేసుకునే హక్కు కంపెనీది. బిల్లులు, ఫొటోలు, పాత ఫిర్యాదు నంబరు జతచేసి కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చెట్టు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు మీదిదైతే ప్రతివాది రాష్ట్ర ప్రభుత్వం, దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు తప్పనిసరి. చెట్టు పక్కింటి కాంపౌండ్‌లోదైతే ఇదంతా అక్కర్లేదు, నోటీసు ఆ ఇంటి యజమానికే ఇవ్వాలి. నో పార్కింగ్ బోర్డు కింద కారు పెట్టి ఉంటే అవతలి లాయరు మొదట అదే ఎత్తుతాడు, పరిహారం తగ్గించమంటాడు. కాబట్టి అక్కడ అలాంటి బోర్డు లేదని తెలిసేలా రోడ్డు రెండు వైపులా కూడా ఫొటో తీసి ఉంచుకోండి.