అంకె తర్వాత పేరు దాటిపోతోందా? ముందు లైను మొత్తం చదవండి

మీ సీ ప్రోగ్రాంలో బస్తాల లెక్క స్కాన్ఎఫ్‌తో (కీబోర్డులో కొట్టింది చదివే ఫంక్షన్) తీసుకున్నాక, రైతు పేరు అడిగే చోట ఆగకుండా ముందుకు పోతోందన్నారు. అంకె బదులు అక్షరం కొడితే అదే ప్రశ్న తెర నిండా పరుగెడుతోందన్నారు. రెండింటికీ కారణం ఒక్కటే.

ఎంటర్ నొక్కేదాకా టెర్మినల్ ఏదీ ప్రోగ్రాంకి అందించదు. నొక్కాక ఆ ఎంటర్‌తో సహా లైనంతా ఇస్తుంది. స్కాన్ఎఫ్‌కి పూర్ణాంకం చదవమని చెప్పే పర్సెంట్-డి అందులో అంకెల వరకే తీసుకుని ఎంటర్‌ను అక్కడే వదిలేస్తుంది. తర్వాత పేరు కోసం వచ్చిన, లైను మొత్తం చదివే ఎఫ్‌గెట్స్‌కి దొరికేది ఆ మిగిలిన ఎంటరే. ఇక అక్షరం కొట్టినప్పుడు స్కాన్ఎఫ్ ఎన్ని విలువలు చదవగలిగిందో చెబుతూ సున్నా తిరిగిస్తుంది కానీ ఆ అక్షరాన్ని ముట్టుకోదు. లూపు ఎన్నిసార్లు తిరిగినా అదే అక్షరం ఎదురవుతుంది. ఎఫ్‌ఫ్లష్‌తో స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను (కీబోర్డు నుంచి వచ్చేదాన్ని) కడిగేయమని చాలామంది చెబుతారు, వినకండి. చదివే స్ట్రీమ్ మీద ఎఫ్‌ఫ్లష్ ఏం చేయాలో సీ ప్రమాణం చెప్పలేదు. ఒక మెషీన్లో పనిచేసింది ఇంకోదాంట్లో పనిచేయకపోవచ్చు.

నేను పాటించే పద్ధతి ఇది: ప్రశ్న ఏదైనా సరే, ముందు ఎఫ్‌గెట్స్‌తో లైను మొత్తం అక్షరాలుగానే తీసుకోవాలి. అంకె కావాలంటే ఆ లైన్లోంచి స్ట్రటాల్‌తో (అక్షరాలను సంఖ్యగా మార్చే ఫంక్షన్), తేదీ కావాలంటే ఎస్‌స్కాన్ఎఫ్‌తో (స్కాన్ఎఫ్ లాంటిదే, కీబోర్డు బదులు చేతిలో ఉన్న లైన్లోంచి చదువుతుంది) విడదీయాలి. తప్పుంటే ఆ లైను పారేసి, ఆ ఒక్క ప్రశ్నే మళ్లీ అడగాలి. ముందు చెప్పినవన్నీ మళ్లీ అడగకూడదు.

ఈ చివరి మాట మీద నాకు పట్టుదల ఎక్కువ. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మావయ్య జీడిపిక్కలు కొని పలాస పంపుతారు. కొట్లో లెక్కల ప్రోగ్రాం ఎవరో రాసి ఇచ్చింది, దాన్ని బాగుచేయమని నాకు అప్పగించారు. గుమస్తా పక్కన కూర్చుని చూస్తే, కాటా దగ్గర రైతులు వరసగా నిలబడి ఉంటే ఆయన పేరు, ఊరు, బరువు అన్నీ కొట్టాక ధర దగ్గర ఒక్క అక్షరం తప్పితే మళ్లీ మొదటికి వచ్చేది. అంత పని పోతే ఎవరికైనా టెన్షనే.

అక్కడ మనుషులు నిజంగా ఏం కొడతారో తెలిసింది. 1,25,000 అని కామాలతో కొడతారు. పర్సెంట్-డి దాన్ని 1 అని చదివి, 1 తిరిగిస్తుంది, అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. అందుకే స్ట్రటాల్ ఎక్కడ ఆగిందో చెప్పే పాయింటర్‌ను తప్పకుండా చూడండి. అక్కడ ఎంటర్ తప్ప ఇంకేదైనా ఉంటే తప్పే. నేనైతే విడదీసే ముందే కామాలు తీసేస్తాను.

తేదీలో 08-03-2024 అని కొడతారు. సంఖ్య ఏ పద్ధతిలో ఉందో తనే ఊహించే పర్సెంట్-ఐ వాడితే, ముందున్న సున్నా చూసి 0 నుంచి 7 వరకు ఎనిమిది అంకెలే ఉండే పద్ధతి అనుకుంటుంది. అందులో 8 ఉండదు కాబట్టి 0 దగ్గరే ఆగిపోతుంది. తేదీకి పర్సెంట్-డి మాత్రమే వాడండి. మూడు విలువలూ వచ్చాయా అని తిరిగొచ్చిన సంఖ్య చూడండి. నెల 1 నుంచి 12 లోపేనా అన్నది మీరే పరీక్షించాలి.

మా వైపు ఇంకో చిక్కు ఉంది. ఒక రైతు పేరు తెలుగులో, ఇంకో రైతు పేరు ఒడియాలో కొడతారు. కీబోర్డు ఒడియాలోనే ఉండిపోతే బరువు కూడా ఒడియా అంకెల్లో పడుతుంది. స్ట్రటాల్‌కి అవి అంకెలే కావు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ అంకెలు ఒక్కొక్కటి మూడు బైట్లు. తెలుగు అంకెకైనా ఒడియా అంకెకైనా మూడో బైటు 166 నుంచి 175 వరకే ఉంటుంది. మొదటి రెండు బైట్లు చూసి లిపి గుర్తుపట్టి, మూడోదాంట్లోంచి 166 తీసేస్తే అంకె వచ్చేస్తుంది. నాలుగు లైన్ల పని. గుమస్తాని తప్పుపట్టడం కన్నా ఇది ఎంతో మేలు.

పేర్ల విషయంలోనూ బైట్ల లెక్కే. అప్పలనాయుడు అన్న పేరుకు 33 బైట్లు కావాలి. 32 బైట్ల చోటు ఇస్తే చివరి కొమ్ము మధ్యలో తెగి చెత్త గుర్తు కనబడుతుంది. లైనుకు 256 బైట్లు ఇవ్వండి. అయినా చివర ఎంటర్ కనబడకపోతే లైను ఇంకా మిగిలి ఉన్నట్టు. ఎంటర్ వచ్చేదాకా చదివి పారేయండి, లేకపోతే ఆ తోక తర్వాతి ప్రశ్నకు జవాబైపోతుంది. లైను చదవడానికి పాత పుస్తకాల్లో ఉండే గెట్స్ జోలికి మాత్రం వెళ్లకండి. చోటు ఎంతుందో దానికి చెప్పే వీలే లేదు. 1988 నాటి మోరిస్ వార్మ్ (తనంతట తానే పాకే ప్రోగ్రాం) ఇతరుల మెషీన్లలోకి దూరిన దారుల్లో ఇదొకటి. 2011 ప్రమాణంలో దాన్ని తీసేశారు.

ఎన్‌కర్సెస్‌తో (టెర్మినల్ తెరను తీర్చిదిద్దే లైబ్రరీ) తెర గీస్తున్నట్టయితే స్కాన్ఎఫ్, ఎఫ్‌గెట్స్ రెండూ వద్దు. గెట్‌ఎన్‌స్టర్‌తో లైను తీసుకోండి, మిగతా పద్ధతంతా ఇదే. మామూలు టెర్మినల్లో అయితే ఎఫ్‌గెట్స్ నల్ (ఇక చదవడానికి ఏమీ లేదన్న గుర్తు) ఇచ్చిందా అని కూడా చూడండి. ఎవరైనా కంట్రోల్-డి నొక్కితే అదే వస్తుంది. అప్పుడు లూపులోంచి బయటికి రాకపోతే మీరు చెప్పిన పరుగు మళ్లీ మొదలవుతుంది.